టోకెన్ నంబర్ ముప్పై ఒకటి

బాలానగర్‌లో మా షెడ్డుకి ఒక కిటికీ ఉంది,
దాని వెనక నేనుంటాను.
ఇత్తడి బిళ్ళ ఇస్తే పనిముట్టు ఇస్తాను,
పనిముట్టు తిరిగిస్తే బిళ్ళ ఇస్తాను.
పందొమ్మిదేళ్ళుగా ఇదే బేరం.
రోడ్డు మీద మెట్రో పోయినప్పుడల్లా
సొరుగుల్లో డ్రిల్ బిట్లు
పళ్ళు కొరుక్కుంటాయి.

ఆ సోమవారం కొత్త మేనేజరు
ఉస్మానియా బిస్కెట్లు పంచుతూ
బక్కయ్య వైపు గడ్డం ఎగరేసి అన్నాడు:
‘నాట్ ది షార్పెస్ట్ టూల్ ఇన్ ది షెడ్.’
క్వాలిటీ అమ్మాయి నవ్వింది. సేల్స్ వాళ్ళు నవ్వారు.
అందరూ నవ్వుతున్నారని బక్కయ్య కూడా నవ్వాడు,
చేతిలో బిస్కెట్ సగం విరిగి
చాయ్‌లో మునిగిపోతుంటే.
నేనూ నవ్వాను.
ఇది ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు, ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ఆ మాటకి అర్థం చెప్పడం కష్టమేం కాదు.
మన దగ్గర మొద్దు అంటాం, మట్టిబుర్ర అంటాం,
మొహం మీదే అనేస్తాం,
‘నీ తాత మొద్దు’ అని అవతలివాడూ అనేస్తాడు,
లెక్క అక్కడికక్కడే చెల్లిపోతుంది.
ఇది అలా కాదు.
మెత్తటి గుడ్డలో చుట్టిన బ్లేడు.
అన్నవాడు తిట్టినట్టుండదు,
పడ్డవాడికి తెగినట్టు తెలీదు.
వాడకం ఏమిటంటారా,
ఆ భాష రాని మనిషి
పక్కనే నిలబడి ఉండాలి.
అప్పుడే బాగా పనిచేస్తుంది.

మధ్యాహ్నం కిటికీ దగ్గరికొచ్చాడు బక్కయ్య.
ముప్పై ఒకటో నంబరు బిళ్ళ,
అంకెలు అరిగి, వేలితో తడిమితేనే తెలుస్తాయి.
‘మేడమ్, సారు షెడ్డు అన్నడు గదా,
నన్ను రెండో షెడ్డుకు మారుస్తున్నరా?
ఆడ రేకులు కారుతయ్. నాకసలే దమ్ము.’
లేదు బక్కయ్యా, నువ్విక్కడే, అన్నాను.
‘గంతే చాలు.’
పన్నెండంగుళాల ఆకురాయి తీసుకుని వెళ్ళిపోయాడు.
నేను అబద్ధం చెప్పలేదు.

ఆ సాయంత్రం సొరుగులు సర్దుతూ వెతికాను,
ఈ షెడ్డులో అన్నిటికన్నా పదునైనది ఏదా అని.
జర్మనీ రీమర్ ఒకటుంది, నూనె కాగితంలో నిద్రపోతూ.
ఏడాదికి రెండుసార్లు బయటికి తీస్తాం.
పోయినేడాది ఇస్తే
ఒక డిప్లొమా పిల్లాడు దాంతో బోరు పాడుచేసి
‘రీమరే బాలేదు’ అన్నాడు,
ఆడలేక మద్దెల ఓడన్నట్టు.
రెండు పూటలు కూర్చుని ఆ బోరుని
సరిచేసింది ఎవరో చెప్పను.
చెబితే ఇది నీతికథ అయిపోతుంది.

అప్రెంటిస్ ఇర్ఫాన్‌కి నోట్లో నువ్వుగింజ నానదు.
శనివారం జీతాల లైన్లో అనేశాడు:
‘బక్కయ్య చాచా, ఆ రోజు సారు ఏమన్నడో తెలుసా?
షెడ్డుల నువ్వు పదునైన పనిముట్టు కాదంట.’
లైనంతా ఆగింది.
కంప్రెసరొక్కటే ఊపిరి తీస్తోంది.
నేను బిళ్ళలు లెక్కపెడుతున్నట్టు తల వంచాను,
లెక్కపెట్టినవే మళ్ళీ.

బక్కయ్యకి కోపం రాలేదు.
కొలత సరిగ్గా వినపడనివాడిలా
కాసేపు నుదురు ముడిచి,
లైను వదిలేసి
నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చాడు.
పనిముట్ల లెక్క ఉండేది నా దగ్గరే కదా.

‘పదునుది కాదన్నడు, సరే.
మరి ఏదన్నడు మేడమ్?’

రిజిస్టర్ తెరిచాను.
నంబరు, పేరు, సైజు, స్థితి.
స్థితి గడిలో మేం రాసేవి మూడే మాటలు:
బాగుంది, సాన పట్టాలి, తుక్కు.
రోడ్డు మీద మెట్రో పోయింది,
సొరుగులన్నీ ఒక్కసారి మోగి ఊరుకున్నాయి.
బిళ్ళ చేతిలో పట్టుకుని
అతను ఇంకా నిలబడే ఉన్నాడు.